ఒపెరా గాయని పాడిన నాటకపు పాటలు



నేటి ప్రసంగవిషయము దూరదేశమునకు సంబంధించినది. అమెరికాలో ఎయిలీన్ ఫారెల్ అను గాయని యుండెను. పడమటి దేశములవారు తమ సంగీతమునకు తలమానికముగ నెంచు ఒపెరాలో ఆమె మొదటి పంక్తిలోనిది. అట్టి యామె 1960వ సంవత్సరమున, నాటకశాలలకును చలనచిత్రములకును వ్రాయబడి జనుల నోళ్లలో నానుచుండిన పాటలతో నొక గ్రామఫోను రికార్డు నింపి వెలువరించెను. ఆ యేడే డిసెంబరు 6వ తేదీన న్యూయార్కులోని మెట్రపాలిటన్ ఒపెరా రంగముపై తొలిసారి నిలిచెను. ఒక్క గొంతు ఒక్క యేట నీ రెండు చోట్లను ఎట్లు చెల్లినది? ఆమెకంటె ముందును వెనుకను ఇట్టి ప్రయత్నము చేసిన గొప్పవారు కలరు. వారిలో అందఱకు నిది చెల్లలేదు. కారణ మేమి?

ముందుగ ఒపెరా యన నేమో చెప్పవలెను. అది సంగీతనాటకము. మన నాటకములో పాత్రధారి వచనము చెప్పి, పద్యము వచ్చినప్పుడు రాగ మెత్తును గదా! ఒపెరాలో తఱచు వచనమే యుండదు. పలకరింపు, కలహము, కడకు మరణవాక్యము సయితము పాటయే. 1600 ప్రాంతమున ఇటలీదేశపు ఫ్లారెన్సు నగరములో కొందఱు పండితులు ప్రాచీన గ్రీకు నాటకము నుద్ధరింపబూనగా ఈ ప్రక్రియ పుట్టినది. తరువాతి మూడు శతాబ్దములలో వాద్యబృందములు పెరిగినవి, శాలలును పెరిగినవి. మెట్రపాలిటన్ వారు 1966లో ప్రవేశించిన కొత్త శాలలో సుమారు 3,800 ఆసనములు కలవు. అచట గాయకుని యెదుట మైకు లేదు. పదులకొలది వాద్యములు మ్రోయుచుండగా, ఆ గొంతు వాని నాదమును దాటి కడపటి వరుసలో కూర్చున్నవాని చెవిని చేరవలెను.

ఇది యెట్లు సాధ్యమని శాస్త్రజ్ఞులు పరిశోధించిరి. వాద్యబృందపు నాదబలము క్రింది స్థాయిలలో మెండు; పైకి పోయినకొలది తగ్గును. శిక్షితుడైన ఒపెరా గాయకుడు, ముఖ్యముగ పురుషుడు, కంఠబిలమును ఒక రీతిగ నమర్చి, సెకనుకు సుమారు మూడువేల కంపనములుండు తావున తన నాదమునకు పదును కల్పించును. వాద్యముల బలము సన్నగిల్లిన చోట గొంతు చొచ్చుకొని పోవును. కేకవలన గాక కంఠపు అమరికవలన కలుగు బలమిది. స్త్రీలు తారస్థాయిలో పాడునపుడు నోరు విశాలముగ తెరతురు. అప్పుడు నాదము నిండుగ వచ్చును గాని, అచ్చులు ఒకదానితో నొకటి కలిసిపోవును. ఇకారమో అకారమో పోల్చుకొనుట కష్టము. ఒపెరా ప్రేక్షకుడు కథను ముందే యెఱిగియుండును గనుక దీనిని మన్నించును. ఈ చిన్న లోపమును జ్ఞాపకముంచుకొనుడు. ముందు దీనితో పని యున్నది.

ఇక బ్రాడ్వే యనునది న్యూయార్కు నగరములోని యొక వీథి. ఆ వీథిని, దాని ప్రక్కవీథులను నాటకశాలలు గుంపుకట్టి యుండుటచే అచట నాడు నాటకములకే ఆ పేరు స్థిరపడినది. సంభాషణము, నృత్యము, పాట కలిసిన వినోదనాటకము లచట ప్రసిద్ధములు. ఆ పాటలు కట్టినవారిలో పలువురు వలస వచ్చిన యూదులు, లేక వారి బిడ్డలు. ఇర్వింగ్ బెర్లిన్ రష్యా సామ్రాజ్యములో పుట్టి బాల్యముననే అమెరికా చేరినవాడు. హెరాల్డ్ ఆర్లెన్ తండ్రి యూదుల ప్రార్థనాలయమున స్తోత్రగాయకుడు. వీరి పాటలలో నల్లజాతివారి సంగీతపు లయయు, వారి దుఃఖగీతముల బాణియు కలిసినవి. అట్టి పాటకు సాహిత్యమే ప్రాణము. ఒక స్త్రీ వంటయింటిలో నిలిచి తనలో తాననుకొను మాటకు స్వరము తొడిగినట్లుండును. మాట వినబడకున్న పాట లేదు.

మన పెద్దలు మార్గమనియు దేశి యనియు రెండు విధములు చెప్పిరి. కాకతి గణపతిదేవుని సేనాని జాయప పదమూడవ శతాబ్దమున నృత్తరత్నావళి రచించి, అందలి యెనిమిది అధ్యాయములలో మొదటి నాలుగు మార్గమునకును, తక్కిన నాలుగు దేశికిని ఇచ్చెను. రాజాస్థానములో కూర్చుండి వ్రాసినవాడు దేశికి సగము గ్రంథము నిచ్చుట యెన్నదగినది. అయితే ఆయన రెండింటికిని ఒకే లక్షణము చెప్పలేదు. దేశిని దేశిగనే వివరించెను. మార్గమున కాఱితేఱినవాడు దేశిని మార్గముగ మార్చి చేసిన, అది రెంటికిని చెడును.

నా చిన్నతనమున మా యూరి రామాలయము ముందఱ పద్యనాటకము లాడెడివారు. ముసలి నటు డొకడు మైకు లేని కాలమున గొంతు సాధించినవాడు. ఆయన పద్యమెత్తి తుదిని రాగము సాగదీసిన, ఊరిచివర పాకలలో నున్నవారు లేచి కూర్చుండెడివారట. నేను చూచునాటికి కొయ్యకు కట్టిన మైకు వచ్చినది. ఆయన దానియెదుటకు వచ్చి మునుపటివలెనే పాడెను. బాకాలు గీపెట్టినవి, పిల్లలము చెవులు మూసికొంటిమి. హార్మోనియము వాయించు పెద్దమనిషి, "బాబాయ్, రెండడుగులు వెనుకకు" అని సైగచేసెను. ఆయన వెనుకకు జరిగెను గాని గొంతు తగ్గింపలేదు. తగ్గించుట ఆయనకు తెలియదు. ఆయన నేర్చిన విద్యలో తగ్గించుట యను పాఠమే లేదు. ఆ రాత్రి ఆయన ముఖమున కనబడిన చిన్నతనము నాకు నేటికిని మరపునకు రాదు. ఒపెరా గాయకులు చిన్న పాటకు వచ్చినప్పు డెదుర్కొన్న చిక్కు సరిగా ఇదియే.

గ్రామఫోను తొలినాళ్లలో ఈ చిక్కు లేదు. అప్పటి యంత్రమునకు మైకు లేదు. ఒక పెద్ద రేకుబాకాలోనికి పాడవలెను. బలమైన గొంతుకే ఆ బాకా లొంగును. 1902 ఏప్రిలులో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అను ఉద్యోగి ఇటలీలోని మిలాను నగరపు హోటలు గదిలో ఎన్రికో కరూసో చేత నూఱు పౌనులకు పది పాటలు పాడించెను. ఆ గైస్‌బర్గే ఆ యేడు కలకత్తాకు వచ్చి నవంబరులో గౌహర్‌జాన్ పాట రికార్డు చేసెను. పాట ముగియగానే ఆమె తన పేరు ఇంగ్లీషులో బిగ్గరగ చెప్పుట నేటికిని ఆ రికార్డులలో వినవచ్చును. ఇటలీ ఒపెరా గాయకుడును, మన హిందుస్థానీ గాయనియు ఒకే మనిషి తెచ్చిన ఒకే విధమైన బాకాలోనికి పాడిరన్నమాట. కరూసో 1918లో జార్జ్ కోహన్ రచించిన "ఓవర్ దేర్" అను యుద్ధగీతమును గూడ పాడెను. కోహన్ బ్రాడ్వే మనిషి. ఆ పాట సైన్యములను సాగనంపు పాట గనుక కరూసో గర్జన దానికి అతికినది.

1925లో మైక్రోఫోనుతో రికార్డు చేయు పద్ధతి వచ్చినది. దానితో సంగీతలోకమున తలక్రిందులైనది కొంత కలదు. చెవిలో గుసగుసలాడినట్లు పాడువారు లక్షలమందికి గాయకులైరి. ఒపెరా గాయకునికి గడించిన బలమే బరువైనది.

ఇట ఎజియో పింజా కథ చెప్పవలెను. 1892లో రోము నగరమున పుట్టిన ఈతడు మంద్రగాత్రము గల ఇటాలియను. స్వరలిపి చదువనేరడు, విని విని వల్లించి పాత్రలన్నియు నేర్చెను. మెట్రపాలిటన్‌లో 1926 మొదలు 1948 వఱకు పాడెను. పిమ్మట రిచర్డ్ రాజర్స్, ఆస్కార్ హామర్‌స్టీన్ అను జంట రచించిన "సౌత్ పసిఫిక్" నాటకములో నాయకు డయ్యెను. అది 1949 ఏప్రిల్ 7వ తేదీన బ్రాడ్వేలో మొదలైనది. నాయిక మేరీ మార్టిన్ నాటకపు పాటలలో దిట్ట. అయినను అంతటి గొంతుతో జతగ పాడుటకు జంకెను. రాజర్స్ ఆమె జంకును గమనించి, వారిద్దఱు ఒకరి తరువాత నొకరు తమలో తాము పాడుకొనునట్లు వరుస కట్టెను. ఇంకొక నేర్పు చూడుడు. ఆ నాయకుడు ఫ్రాన్సునుండి వచ్చి పసిఫిక్ దీవిలో తోట పెంచుకొనుచున్న నడివయస్సువాడు. కనుక పింజా ఇంగ్లీషులోని పరదేశపు యాస దోషము గాక పాత్రకు అలంకారమైనది. కొలంబియా వారు ఆ పాటలను 1948లో తాము తెచ్చిన కొత్త రకపు రికార్డుపై విడిచిరి. పాత రికార్డు నిమిషమునకు 78 చుట్లు తిరిగి నాలుగైదు నిమిషములలో ముగియును. కొత్తది 33 చుట్లకు కొంచె మెక్కువగ తిరిగి ఒక్క ప్రక్క ఇరువది నిమిషములకు పైగా పలుకును. ఆల్బము అను మాట పుట్టుకయు ఇచటనే తెలియును: మునుపు పలు రికార్డులను అట్టల సంచులలో పెట్టి పుస్తకమువలె కుట్టి అమ్మెడివారు, ఆ పుస్తకము పేరే తరువాత నొక్క రికార్డునకును నిలిచినది.

పింజా గెలుపు గొప్పదే. కాని అందు దర్జీ నేర్పు చాల కలదు. పెద్ద మనిషి కొలతలకు చొక్కా కుట్టిరి. ఎవరికో కుట్టిన చొక్కాలో తాను ఇముడుట వేఱు విద్య. అది ఫారెల్ విద్య.

ఆమె 1920 ఫిబ్రవరి 13వ తేదీన కనెక్టికట్ రాష్ట్రములోని విల్లిమాంటిక్‌లో జన్మించెను. తల్లిదండ్రులిద్దఱు ఊరూరు తిరిగి వినోదరంగములపై పాడినవారు. కనుక దేశి ఆమెకు ఇంటిసొమ్ము. న్యూయార్కునకు శాస్త్రీయసంగీతము నేర్వ వచ్చి, 1940లో కొలంబియా రేడియోలో బృందగానమునకు చేరెను. అనతికాలముననే తన పేర నొక కార్యక్రమము దొరకినది. రేడియో గదిలో వేలమంది లేరు, వరుసలు లేవు, చేతికందు దూరమున మైకు, అంతే. అది రామాలయము ముందరి మైకువలె గీపెట్టదు. కాని చిన్న తప్పును గూడ దాచదు. ఆమె అందు ఒపెరా పాటయు పాడెను, నాటకపు పాటయు పాడెను. ఒపెరా రంగముపై వేషముతో నిలుచుట కింకను పదియేను సంవత్సరములు పట్టినది. మన ముసలి నటునికి లేని పాఠము ఆమెకు మొదటి పాఠమైనది. నా యెఱిగినంతలో కీలకమంతయు ఇచటనే యున్నది.

1955లో న్యూయార్కులో ఖెరుబీని రచించిన మెడియా పాత్రను వేషము లేకుండ కచేరీగా పాడి ఆమె ఒపెరా రసికుల నాశ్చర్యపఱచెను. మఱుసటి యేడు ఫ్లారిడాలోని టాంపాలో రంగమెక్కెను. 1959లో ఇటలీలోని స్పొలెటో నగరపు ఉత్సవమునకు వెళ్లెను. అచట ఆమె పాడవలసినది వెర్డీ మహాశయుని మృతశాంతిగీతము. ఆ ఉత్సవమునకే వచ్చిన నల్లజాతి బాకాగాయకుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ జబ్బుపడి ఆసుపత్రి పాలయ్యెను. కచేరీ నిలువకుండ ఫారెల్ ఆయన బృందముతో నిలిచి ఆ జనసామాన్యపు పాటలు పాడెను. మృతశాంతిగీతము పాడిన నోరే వీథిలోని యెండను గూర్చి పాడుట విని అచటివారు విస్తుపోయిరి. ఆ సంగతి విని కొలంబియా వారు రికార్డు చేయించిరి. దాని పేరు "ఐ హావ్ గాట్ ఎ రైట్ టు సింగ్ ది బ్లూస్"; దుఃఖగీతము పాడుటకు నాకును హక్కు కలదని యర్థము. ఆ పాట హెరాల్డ్ ఆర్లెన్ వరుస కట్టగా టెడ్ కోలర్ మాటలు వ్రాసినది. 1932లో బ్రాడ్వే నాటకశాలలో మొదట పాడబడినది. పేరే ఒక జవాబువలె నున్నదని నాకు తోచును.

ఆ రికార్డును నేను వృద్ధాప్యమున, విశ్రాంతి దొరకిన పిమ్మట, ఒక శిష్యుని మూలమున వింటిని. వినకమునుపు నాకు సంశయము కలదు. పండితుడు వాడుకమాట పలుకబోయి దానిని వ్యాకరణముతో బిగించినట్లుండునేమో యనుకొంటిని. అట్లు లేదు. ఆమె శ్రుతి దించినది. తారస్థాయిలోని తన యైశ్వర్యమంతయు పెట్టెలో పెట్టి తాళము వేసి, మాటలాడు స్థాయిలో పాడినది. అచ్చు అచ్చుగ, హల్లు హల్లుగ వినబడును. అచటచట మాత్రము, ఒక వాక్యము తుదిని, వెనుక నెంత సొమ్మున్నదో తెలిసిపోవునట్లు గొంతు విచ్చుకొనును; వెంటనే మూసికొనును. ధనవంతుడు సాదా పంచె కట్టినను నడకలో తెలియునట్లు. దాని వెనుక ఆమె మఱికొన్ని రికార్డులును ఇట్టివే ఇచ్చినది.

మెట్రపాలిటన్‌లో ఆమె పాడినది 1966 వఱకే. మొత్తము మీద యాభై పర్యాయములకు లోపే. నలువదేండ్లకు ఆ గడప తొక్కిన గొప్ప గొంతునకు ఇది తక్కువ. నాటకపు పాటలు పాడుటయే దీనికి కారణమని యనుటకు నేను సాహసింపను. ఆమె భర్త న్యూయార్కు నగరపు పోలీసు ఉద్యోగి. ఇల్లు, ఇద్దఱు బిడ్డలు ఆమెకు ముఖ్యము. దేశదేశములు తిరిగి కీర్తి పోగుచేయు తహతహ ఆమెకు లేదు. అయినను నష్టపోయినవారు ఆ శాలవారే యని నా తలంపు.

ఇందులకు ప్రతిగా మఱియొక రికార్డు కలదు. లెనార్డ్ బెర్న్‌స్టీన్ 1957లో "వెస్ట్ సైడ్ స్టోరీ" యను బ్రాడ్వే నాటకమునకు సంగీతము కూర్చెను. రోమియో జూలియట్టుల కథయే న్యూయార్కు వీథిబాలుర ముఠాల నడుమ జరిగినట్లు కల్పించినది. అందు మొదట పాడినవారు ఒపెరావారు కారు, యువనటులు. 1984 సెప్టెంబరులో, అరువదియాఱేండ్ల వయస్సున, తానే తొలిసారి ఆ సంగీతమంతయు స్వయముగ నడపి రికార్డు చేయ సంకల్పించి ఆయన ఒపెరా గాయకులను పిలిపించెను. పోర్టోరికో దీవినుండి వచ్చిన బాలిక పాత్రకు న్యూజీలాండు దేశపు కిరీ టె కనావా. అమెరికా కుఱ్ఱవాని పాత్రకు స్పెయిను దేశమునందలి బార్సిలోనా వాసియైన హొసే కరేరాస్. స్పానిషు యాస యుండవలసిన బాలికకు అది లేదు. ఉండరాని బాలునికి అది నిండుగ కలదు!

ఆ రికార్డు చేయుచుండగా బి.బి.సి. వారు చలనచిత్రము తీసిరి. కరేరాస్ అంతటివాడు ఒక చిన్న పాటకడ, ఇంగ్లీషు మాటల తొందర లయలో తడబడుటయు, బెర్న్‌స్టీన్ మరల మరల ఆపి విసుగుకొనుటయు, కరేరాస్ ముఖము వాడిపోవుటయు అందు కనబడును. చూచుట కష్టము. ఆ ముఖమును నేను రామాలయము ముందఱ చూచితినని యనిపించెను. నేర్పు తక్కువై ఆయన తడబడలేదు. ఏ నేర్పును ఎక్కడ విడిచిపెట్టవలెనో చెప్పు గురువు ఆయనకు దొరకలేదు. అంతకన్న చిత్రము: ఆ రికార్డులో పాటల నడుమ వచ్చు సంభాషణములను నాయికానాయకులు పలుకలేదు, బెర్న్‌స్టీన్ కుమార్తెయు కుమారుడును పలికిరి. పాడు నోరు వేఱు, మాటలాడు నోరు వేఱు. ఆ పాటలయందు మాటకును పాటకును నడుమ గోడ యుండరాదని చేసిన సంగీతకర్తయే తన చేతులతో గోడ కట్టుకొన్నట్లయ్యెను. రికార్డు మాత్రము బాగుగ చెల్లుబాటైనది, బహుమతియు పొందినది. నాదమాధుర్యమునకు అందు లోటు లేదు. టె కనావా కొన్ని చోట్ల హృదయము కరగించును. యౌవనములో స్వదేశమున ఇట్టి పాటలు పాడిన అలవాటు ఆమెకు కలదు. అయినను కథలోని యా వీథికుఱ్ఱవాడు నాకు ఎక్కడను వినబడడు.

ఫారెల్ 1971 మొదలు 1980 వఱకు ఇండియానా విశ్వవిద్యాలయమున సంగీతోపాధ్యాయినిగ నుండెను. తోటి ఉపాధ్యాయుడను గనుక ఈ మాట చెప్పుట నాకు ప్రీతి. ఆ దినములలోనే అలెక్ వైల్డర్ అను పాటలకర్త, లూనిస్ మగ్లోన్ అను పియానో వాద్యకుడు కలిసి అమెరికా జనగీతములను గూర్చి ప్రసారము చేసిన రేడియో కార్యక్రమమున ఆమె పాడెను. పిమ్మట 1980ల చివరను, డెబ్బదికి చేరువైన వయస్సున, మగ్లోన్ తోడ్పాటుతో మరల రికార్డులు ఆరంభించెను. ఒకటి రాజర్స్, హార్ట్ అను జంట పాటలకు. ఒకటి ఆర్లెన్ పాటలకు. ఒకటి వైల్డర్ పాటలకు. ఒపెరా పాడుటకు గొంతు సాగని వయస్సది. శ్రుతి ఇంకను దిగినది, నాదము కొంత ముదిరినది. కాని మైకునకు ఆమె నిలిచిన దూరము మాత్రము 1940లో రేడియో గదిలో నేర్చిన దూరమే. ఆమె 2002 మార్చి 23వ తేదీన న్యూజెర్సీ రాష్ట్రమున దివంగతురాలయ్యెను.

నాకిచ్చిన కాలము ముగియవచ్చినది. రికార్డు పెట్టెలు నేడు ప్రతి యింట లేవు గాని, మనుమల చేతిలోని చరవాణిలో ఈ పాటలు దొరకును. అడిగి వినుడు. మొదట ఆమె వెర్డీ పాట నొకటి వినుడు. తరువాత ఆర్లెన్ పాట వినుడు. ఇద్దఱు మనుష్యులని మీ యింటివారు పందెము కాయుదురు.